మాయకథలో శ్రోత వంతు

హైదరాబాద్‌కు ఉత్తరాన ఉన్న బౌరంపేట్, మేడ్చల్, షామీర్‌పేట ఒగ్గుకథ వర్ధిల్లిన తెలంగాణ నేలలోని ఊళ్లు. కురుమ, గొల్ల కళాకారులు మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మల మహిమలను పాడే ఈ కథాగానంలో ప్రధాన కథకుని పక్కనున్న సహాయకుడు మధ్యమధ్య మాట అందిస్తూ, ప్రశ్న వేస్తూ, ఎదుట కూర్చున్నవారి సందేహాన్ని వారి తరఫున బయటపెడతాడు. ఇంట్లో పెద్దలు చెప్పే మాయకథకైతే ఆ పని శ్రోతదే. ‘ఊ’ కొట్టేవాడు నిద్రపోతే కథ అక్కడే ఆగుతుంది. అద్భుతకథ అచ్చులోకి వచ్చినప్పుడు ఈ వంతు ఏమైందన్నది తెలుగు పాఠకుల అభిరుచి చరిత్రలో తగినంత పట్టించుకోని విషయం.

మధిర సుబ్బన్న దీక్షితులు 12 భాగాలుగా వెలువరించిన ‘కాశీ మజిలీ కథలు’ ఆ వంతును కథ లోపలికే తెచ్చుకున్నాయి. కాశీకి కాలినడకన బయలుదేరిన పండితుడు మణిసిద్ధునికి తోడుగా రావడానికి గొల్ల కుర్రవాడు ఒక షరతు పెడతాడు: మజిలీలో, అంటే ప్రయాణికులు ఆగే బసలో, తాను చూసిన వింతను గురించి అడిగితే దాని కథ చెప్పి తీరాలి. ఏ కథ చెప్పాలో నిర్ణయించేది పండితుడు కాదు, పశువులు కాసిన కుర్రవాడు; పండితుడు తన దగ్గరున్న మణి మహిమతో ఆ వింత పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకొని చెప్పవలసినవాడు మాత్రమే. అయితే ఆ కుర్రవాడు అడగగలడే గాని కథను మలుపు తిప్పలేడు.

భేతాళ కథలు ఒక అడుగు ముందుకు వేసి, వినేవాడిని తీర్పరిని చేశాయి. 11వ శతాబ్దిలో కాశ్మీర కవి సోమదేవుడు ‘కథాసరిత్సాగరం’లో చేర్చిన ఈ కథలలో, రాజు శవాన్ని భుజాన వేసుకొని నడుస్తుండగా అందులోని భేతాళుడు కథ చెప్పి, ధర్మసందేహం ఒకటి అడిగి, తెలిసీ చెప్పకపోతే తల పగులుతుందని హెచ్చరిస్తాడు; చెబితే మౌనభంగమై శవం తిరిగి చెట్టెక్కుతుంది. మూలంలో చివరి చిక్కుప్రశ్నకు జవాబు తోచక రాజు మౌనం వహించినప్పుడే ఈ రాకపోకలు ముగుస్తాయి. 1947 జూలైలో మద్రాసులో నాగిరెడ్డి, చక్రపాణి ప్రారంభించిన ‘చందమామ’ 1950ల నడుమ భేతాళ కథల శీర్షికను చేపట్టి, ఆ ముగింపును మాత్రం రానివ్వలేదు. పాత కథలు అయిపోయాక వేరే కథలకు చివర ప్రశ్న తగిలించి భేతాళుని నోట పలికించారు. కొన్నిటికి ఆ ప్రశ్న అతుకు వేసినట్టే ఉంటుందన్నది దాచవలసిన విషయం కాదు. అయినా, శంకర్ గీసిన కత్తీ శవమూ మోసే విక్రమార్కుని బొమ్మతో దశాబ్దాలపాటు అది పత్రికకు గుర్తుగా నిలిచింది. రాజు జవాబు మరుసటి పేరాలోనే ఉన్నా, దానిని చదవడానికి ముందు తన తీర్పు తాను చెప్పుకొనే వ్యవధి పాఠకునికి దొరకడమే ఇందుకు కారణమనుకోవాలి. దీనికి భిన్నంగా, 1983లో అమెరికాలోని ఇన్ఫోకామ్ సంస్థ విడుదల చేసిన ‘ఎన్‌చాంటర్’ అనే బొమ్మలు లేని కంప్యూటర్ ఆటలో ఆటగాడు తెర మీది వచనం చదివి తానే మంత్రాలు టైపు చేసేవాడు, తప్పుటడుగు వేస్తే చచ్చేవాడు. చందమామ పాఠకునికి అటువంటి ప్రమాదం లేదు, తప్పు చెప్పినా తల పగలదు.

కథను నిజంగా మార్చే అధికారం పాఠకునికి మరొక దారిలో దక్కింది. 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి దాసరి సుబ్రహ్మణ్యం చందమామలో రాసిన ‘ముగ్గురు మాంత్రికులు’, ‘రాకాసిలోయ’ వంటి ధారావాహికలలో, అంటే నెలనెలా కొంతగా సాగే పెద్దకథలలో, మాంత్రికులూ రాక్షసులూ విచిత్ర జంతువులూ క్రిక్కిరిసి ఉండేవారు. వాటి మీద రచయిత పేరు ఉండేది కాదు గనుక, పిల్లలు మెచ్చినది కథనే తప్ప కర్తను కాదు. చక్రపాణికి ఈ మంత్రతంత్రాల రచనలంటే అంత ఇష్టం లేదనీ, వాటిని ఆపి బంకించంద్రుని ‘దుర్గేశనందిని’ వంటివి వేయిస్తే పత్రిక అమ్మకం తగ్గి, దాసరి చేత మళ్లీ రాయించవలసి వచ్చిందనీ చందమామ చరిత్ర చెప్పేవారు అంటారు. పత్రిక కొనడం మానుకోవడం ద్వారా పాఠకులు ఒక నవలను తప్పించి మాంత్రికుని వెనక్కి రప్పించుకున్నారు. మణిసిద్ధుని ముందు గొల్ల కుర్రవాడికి కూడా ఇంత చెల్లుబాటు లేదు.