ఊట ఎక్కడిది?

మాగాయ ముక్కలకి ఉప్పూ పసుపూ పట్టించి జాడీలో పెడితే మూడోనాటికి ఊట తేలుతుంది. మనం నీళ్లు పోయలేదే! ముక్కలోని కణాల పలచటి పొర దాటి, ఉప్పు వైపు నీరు వచ్చేస్తుందన్న మాట. 1748లో ఫ్రాన్సులో నోలే అనే ఆయన సారా సీసాకి పంది మూత్రాశయపు పొర కట్టి నీళ్లలో ముంచితే, నీళ్లు లోపలికి చొరబడి పొర ఉబ్బిందట.

కానీ కణం పొర వట్టి జల్లెడ కాదు. గిట్టనిదాన్ని బయటికి తోడిపోసే ఏర్పాటూ ఉంటుంది. టెట్రాసైక్లిన్ మందుని కొన్ని సూక్ష్మజీవులు అలాగే తోడేస్తున్నాయని 1980లో అమెరికాలో స్టువర్ట్ లెవీ బృందం తేల్చింది.

మా సంగారెడ్డి పక్కనే పటాన్‌చెరు. అక్కడి మందుల ఫ్యాక్టరీల మురుగుని శుద్ధిచేసే కేంద్రం వదిలిన నీళ్లలో లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు లార్సన్ బృందం ప్రకటించింది. మాత్ర మింగిన రోగి రక్తంలోనూ అంత ఉండదు! శుద్ధిచేశాక సంగతండీ ఇది. ఆ నీళ్లు ఇస్కవాగులో కలిసేవి. వాగు అడుగు మట్టిలో, మందులకి లొంగని జన్యువులు బోలెడు దొరికాయని 2011లో మరో పరిశోధన చెప్పింది. తోడిపోసే విద్య కొన్నిటిది, వేరే ఎత్తులు కొన్నిటివి. పైగా మనం పక్కింటికి కాఫీపొడి ఇచ్చినట్టు, ఆ జన్యువుల్ని ఒకదానికొకటి ఇచ్చుకుంటాయి, రోగం తెచ్చే జాతులకి కూడా.