కడబంతివారి వంతు

కరీబియను సముద్రములో హిస్పానియోలా యను ద్వీపమొకటి కలదు. దాని పడమటి భాగము హెయిటీ. తూర్పు భాగము డొమినికను గణరాజ్యము. తెల్లని యిసుక తీరములను, వెచ్చని సముద్రస్నానమును కోరి అమెరికా, కెనడా, ఐరోపా దేశముల నుండి యేటేట లక్షలకొలది జనులు ఈ తూర్పు భాగమునకు పోవుచున్నారు. పోయి వచ్చినవారు తరచుగా చెప్పు ఫిర్యాదు ఒకటి కలదు. అచ్చటివారు మంచివారే గాని వరుస యెరుగరట; దుకాణము కడ మనము నిలిచియుండగనే వెనుక వచ్చినవాడు మన భుజము మీదుగా చేయి చాచి సరకు పుచ్చుకొని పోవునట. దేశీయుల ఫిర్యాదు వేరు. ఈ వచ్చువారు ధనవంతులే గాని మర్యాద యెరుగరట. నలుగురున్న చోటికి వచ్చి పలుకరింపక మ్రాకులవలె నిలుచుందురట. ఒకరినొకరు మోటువారనుకొనుచున్న యీ యిరుతెగలలో నిజముగా వరుస తప్పినవారెవరో చరిత్రను అడిగి చూడవలెనని మా యుద్దేశము.

ముందుగా ఆ దేశపు మర్యాద యెట్టిదో తెలిసికొందము. డొమినికను పేటలలో మలుపు మలుపునను కొల్మాడో అనబడు చిల్లర దుకాణముండును. అచ్చట బారు తీరుట లేదు. బల్లకు ఆవల దుకాణదారుడు, ఈవల పదిమంది. ఎవరికి కావలసినది వారు కేకవేసి చెప్పుదురు. ఆతడు ఒకరికి బియ్యము తూచుచు, వేరొకరికి నూనె పోయుచు, వచ్చినవారి ముఖములను మనస్సున ఉంచుకొని అందరిని సంబాళించును. పట్టణములలో కార్రో పూబ్లికో అను బాడుగ బండ్లు తిరుగును. తోలువాని ప్రక్కను ఇద్దరు, వెనుక నలుగురు ఒదిగి కూర్చుండుట వాడుక. అట్టి బండి నెక్కువాడు మొట్టమొదట అందరికిని నమస్కార వచనము పలుకును. లోనివారు బదులు చెప్పుదురు. వైద్యుని యింట కాచుకొనియున్న వారియెడలను ఇదే ఆచారము. భోజనము చేయుచున్నవారి ప్రక్కగా పోవునపుడు ఆ భోజనము వంటబట్టుగాక యని పలికి పోవుదురు. ఈ మాటలు పలుకనివాడు ఎంత నిటారుగా బారులో నిలిచినను వారి కంటికి పెంపకము లేనివాడే.

స్పెయినులోను, క్యూబాలోను మరియొక పద్ధతి కలదు. వచ్చినవారు “కడపటివారెవరు?” అని అడిగి, ఆ మనిషిని గుర్తుంచుకొని, పిదప నీడను కూర్చుందురు. వరుస వారి కాళ్లలో లేదు, జ్ఞాపకములో ఉన్నది. కాబట్టి బారు కానరానిచోట వరుసయే లేదనుట తొందరపాటు. అయినను, ఆచారభేదమని చెప్పి అంతటిని కప్పిపుచ్చుట మా అభిమతము కాదు. బస్సు వచ్చినంతనే ముసలివారిని నెట్టి యెక్కుట, కచేరి కిటికీ కడ ఎరిగిన గుమాస్తాకు కనుసైగ చేసి ముందు పని చక్కబెట్టుకొనుట, కూడలిలో ఎఱ్ఱదీపమును లెక్కచేయక బండి తోలుట ఆ దేశమున కలవు. వానిని డొమినికనులే నిందింతురు. ప్రశ్న యేమనగా, ఇది వారి స్వభావమా, లేక వారికి నేర్పబడిన పాఠమా?

స్వభావమనువారు ఐరోపావారి బారును చూపుదురు. కాని ఆ బారునకును పుట్టుక కలదు. ఫ్రెంచి విప్లవకాలమున పారిసు నగరములో రొట్టె కరవైనపుడు రొట్టెల అంగళ్ల యెదుట జనులు తోకవలె వరుసదీరి నిలిచిరి. 1837లో ఆ విప్లవ చరిత్రను ప్రకటించిన థామస్ కార్లైలు ఈ వింతను ఫ్రెంచివారి ప్రత్యేక విద్యగా తన ఆంగ్ల పాఠకులకు వర్ణించెను! ఆంగ్లేయులు తమ జాతిలక్షణమని నేడు చెప్పుకొను బారు, అప్పటి ఆంగ్లేయునకు పరదేశపు విడ్డూరము. తరువాతి కాలమున వారికి దానిని గట్టిగా నేర్పినది యుద్ధము. 1940 మొదలు 1954 వరకు బ్రిటనులో ఆహారపదార్థములు చీటీలపై పంచబడినవి. చీటీ యున్నవారికి వారి భాగము దక్కునను నమ్మకమే వారిని నిలువబెట్టినది. తన వంతు వచ్చునాటికి అంగడి ఖాళీ కాదని యెరిగినవాడు ఓపిక పట్టగలడు. ఓపిక రక్తములో పుట్టునది కాదు, ఆ యెరుకలో పుట్టును.

ఇపుడు హిస్పానియోలా చరిత్రను చూతము. 1492లో కొలంబసు ఆ ద్వీపమున దిగునప్పటికి అచ్చట టైనో జనులుండిరి. పదునొకండేండ్లకు, 1503లో, ఆ జనులను స్పెయినువారికి పనివారినిగా పంచియిచ్చు పద్ధతికి రాజాజ్ఞ లభించెను. 1511 డిసెంబరు 21వ తేదీని సాంతో డొమింగో నగరములో ఆంటోనియో దె మోంతెసీనోస్ అను క్రైస్తవ సన్న్యాసి, గవర్నరు కూర్చుండి వినుచుండగనే, ఈ జనులను ఏ హక్కుతో ఇట్లు దాసులను చేసితిరి, వీరు మనుష్యులు కారా యని ప్రసంగవేదిక నుండి నిలదీసెను. ఆ ప్రశ్నకు ప్రభువులిచ్చిన జవాబు మూడేండ్లకు తెలిసినది. 1514లో రొద్రీగో దె అల్బుర్కెర్కె యను ఉద్యోగి మిగిలియున్న టైనోలను మరల పంచిపెట్టెను. రాజోద్యోగులకు, ఆస్థానపు ఆశ్రితులకు పెద్ద భాగములు. ద్వీపమున కాలు మోపక స్పెయినులోనే యున్న దొరలకును భాగములు. ఆశ్రయము లేని పాతకాపులలో అనేకులకు సున్న. పంచబడినవారి గోడు అడిగినవారు లేరు. ఆ ద్వీపమున ఐరోపావారు పెట్టిన పంపిణీ యిట్టిది. వరుస దాటుట అచ్చట పేదవాడు కనిపెట్టిన విద్య కాదు. అది రాజముద్ర వేసికొని ఓడ దిగినది.

1844లో డొమినికనులు హెయిటీ పాలన నుండి విడివడి స్వతంత్రులైరి. 1861లో వారి నాయకుడే దేశమును మరల స్పెయినునకు అప్పగించగా, పోరాడి 1865లో తిరిగి విముక్తులైరి. ఇట్టి కల్లోలముల నడుమ సంస్కర్తలును పుట్టిరి. పోర్టోరికో దేశీయుడగు యుహేనియో మరియా దె ఓస్తోస్ 1880లో సాంతో డొమింగోలో ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలను స్థాపించెను. ఆ మరుసటి యేట సలోమే ఉరేన్యా యను కవయిత్రి బాలికలకొక విద్యాలయమును తెరచెను. అందు శిక్షణ పొంది 1887లో ఆరుగురు స్త్రీలు ఉపాధ్యాయినులుగా పట్టములందిరి. ఆ దేశమున అట్టి పట్టము పొందిన మొదటి స్త్రీలు వారే. పరీక్షయందు తేరినవారికే పట్టము, తేరినవారందరికిని పట్టము అను నియమము చిన్నదిగా కనబడవచ్చును. సిఫారసే సర్వమైన సమాజములో అది విప్లవము. నియంతయైన హ్యురో పాలనలో నిలువలేక ఓస్తోస్ 1888లో దేశము విడిచెను. ఆ నియంత 1899లో హతుడైన పిమ్మటనే తిరిగి వచ్చి, 1903లో అచ్చటనే కన్నుమూసెను.

ఇరువదవ శతాబ్దిలో ఆ దేశమునకు వేరొక గురువు దొరికెను. 1930 మొదలు 1961 వరకు రఫాయెల్ త్రుహీయో యేలెను. రాజధానికి తన పేరు పెట్టుకొనెను. ఈ యింట త్రుహీయోయే యజమానుడను పలకలు ఇండ్ల గోడలకు వ్రేలాడెను. గుర్తింపు చీటి, సైనికసేవ చీటి, ఆతని పార్టీ సభ్యత్వపు చీటి, ఈ మూడును ప్రతి పురుషుని జేబున ఉండవలెను. జనులు వీనిని మూడు దెబ్బలని పిలుచుకొనిరి. 1937లో ఆతని సైనికులు సరిహద్దు ప్రాంతమున వేలకొలది హెయిటీ వారిని చంపిరి. ఆనాడు వీధులు శుభ్రముగా ఉండెనని, జనులు క్రమముగా నడచిరని మెచ్చుకొనువారు ఇప్పటికిని కలరు. కాని భయముచేత నిలిచిన బారు బారు కాదు, బందీల వరుస. అదే కాలమున ఆ నియంత వేలకొలది శిశువులకు జ్ఞానపితగా నిలిచి, సామూహిక బాప్తిస్మములు జరిపించి, వారి తలిదండ్రులతో చుట్టరికము కలుపుకొనెను. జనులు నేర్చిన పాఠము తేటతెల్లము: చట్టము కొట్టుటకు, చుట్టరికము బ్రతుకుటకు. 1961 మే 30వ తేదీని త్రుహీయో హతుడాయెను. భయము పోయినది. పాఠము మిగిలినది.

జ్ఞానపిత లేనివానికి బాప్తిస్మము లేదని స్పానిషు భాషలో ఒక సామెత. మన తెలుగువారికి దాని యర్థము విప్పి చెప్ప నక్కరలేదు. వడ్డించువాడు మనవాడైన కడబంతిని కూర్చున్నను లోటులేదని మనవారెపుడో యనిరి. రెండు సామెతలును ఒక్క రోగమునే చెప్పుచున్నవి. వడ్డించువాడు మనవాడు కానినాడు కడబంతివాని గతి యేమి? ఆతడు బంతులు దాటి ముందునకు ఉరుకవలసినదే. అట్లు నేర్పుగా ఉరుకువానిని డొమినికనులు తీగెరే యందురు, అనగా పులి యని. ఆ మాటలో సగము నింద, సగము మెప్పు.

అయినను మేము ఆ పులిని మన్నింపజాలము. వరుస దాటువాడు దొరను దాటుట లేదు. దొర యా వరుసలోనే లేడు. ఆతడు దాటునది తనవలెనే ఎండలో నిలిచిన వృద్ధురాలిని, చంకబిడ్డతో ఆసుపత్రి కిటికీకి వచ్చిన తల్లిని. పైవారు చేసిన అన్యాయమునకు ప్రక్కవారిపై కసి తీర్చుకొనుట తెలివి యనిపించుకొనదు. అచ్చట కడబంతికిని కడనున్నవారు మరల హెయిటీ సంతతివారే. డొమినికను గడ్డమీద పుట్టిన అట్టివారిలో అనేకుల పౌరసత్వమును 2013లో ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానము 1929 నాటి నుండియు చెల్లదని తీర్పు చెప్పెను. తామెన్నడో నిలిచి అందుకొనిన చీటిని వెనుకకు లాగికొన్నట్లాయెను. మరుసటి యేట చేసిన శాసనము కొందరికి మాత్రమే ఊరట కలిగించెను.

ఇక విహారయాత్రికుల సంగతి. 1971లో డొమినికను ప్రభుత్వము యాత్రికుల వసతులకు పన్నుల రాయితీలిచ్చు శాసనము చేసెను. 1979లో ప్వెర్తో ప్లాతా కడ, 1984లో పూంతా కానా కడ విమానాశ్రయములు తెరువబడెను. 2023లో వచ్చినవారి సంఖ్య, ఓడలపై వచ్చినవారితో కలిపి, కోటి దాటెను. అది దేశజనాభాకు ఇంచుమించు సమానము. వారిలో అనేకులు దిగునది, భోజనపానీయములన్నిటికిని ముందుగనే సొమ్ము చెల్లించిన హోటళ్లలో. ముంజేతికి కట్టిన పట్టీయే అచ్చట అధికారపత్రము. తెల్లవారకమునుపే లేచి, ఈతకొలను ప్రక్కనున్న కుర్చీపై తుండుగుడ్డ పరచి, తిరిగి పోయి నిదురించువారు విహారస్థలములందంతటను కలరు. అదనపు సొమ్ము చెల్లించి విమానాశ్రయపు బారును తప్పించుకొనుటయు కలదు. కొల్మాడోలో భుజము మీదుగా చేయి చాచుట మోటుతనము. రసీదు పుచ్చుకొని ముందునకు పోవుట నాగరకత! ఈ భేదము మాకు బోధపడకున్నది.

అంతకన్న పెద్ద వరుస సముద్రతీరమున తప్పినది. నీటి పోటు చేరు హద్దు నుండి అరువది మీటర్ల భూమి ప్రజల సొత్తని 1968 నాటి 305వ శాసనము చెప్పుచున్నది. సముద్రతీరములందు అందరును స్వేచ్ఛగా ప్రవేశింపవచ్చునని 2010 నాటి రాజ్యాంగమును చెప్పుచున్నది. కాని తీరమునకు పోవు దారులను హోటళ్లు ఆవరించియున్నచోట ఆ హక్కు కాగితముపైననే నిలుచును. తరతరములుగా ఆ నీటిలో స్నానమాడిన యూరివాడు చుట్టు తిరిగి పోవలెను; నిన్న వచ్చినవాడు తలుపు తెరచి దిగును. ముందు వచ్చినవారికి ముందు వంతనుటయే నియమమైనచో, ఇచ్చట వరుస దాటినదెవరు?

ఇన్ని చెప్పిన పిదప ఒక మంచిమాట చెప్పి ముగింతుము. 2009 జనవరిలో సాంతో డొమింగోలో మెట్రో రైలు నడువ నారంభించినది. వీధిలో బస్సు కొరకు పెనగులాడు జనులే ఆ మెట్లు దిగినంతనే నెమ్మదించుట చూచి దేశీయులే ఆశ్చర్యపడిరి. జాతి మారలేదు. రైలు వేళకు వచ్చుచున్నది. ఇది పోయిన వెనుక వేరొకటి కొలది నిమిషములలో వచ్చునని అందరెరుగుదురు. టిక్కెట్టు యంత్రమునకు మేనల్లుడు లేడు. ఓస్తోస్, సలోమేలు పరీక్షలో చూపిన న్యాయమే ఇచ్చట రైలులో కనబడుచున్నది. కడబంతికిని అన్నము మిగులునని తెలిసినవాడు విస్తరి కొరకు పోట్లాడడు.

చదువరులారా, డొమినికను దేశము మనకు దూరము. సామెత దూరము కాదు. పెండ్లిపందిట మొదటి బంతి యెవరిది, కడబంతి యెవరిది? నిత్యము మన యిండ్లలో అందరికిని వడ్డించి, అడుగంటిన కూరతో తాను కూర్చుండునది యెవరు? బిడ్డలు వరుసను బడిలోకంటె ముందుగా ఆ వంటయింటి గడప కడనే నేర్చుచున్నారు. వంతు తప్పక అందరికిని అందునని అచ్చట చూచిన బిడ్డ రేపు కచేరి కిటికీ కడ ఎదుటివానిని నెట్టడు. బజారును దిద్దబోవుటకు ముందు నేటి రాత్రి మన యింట చివర భుజించునది యెవరో, ఆమెకు మిగిలినది యేమో, ఒక్కసారి చూడుడని మా విన్నపము.