జింక కోసం క్యూ

డెన్వర్లో మా టీములో ఒకతను ఉన్నాడు. వాళ్ళ నాన్నది విస్కాన్సిన్, వయసు 78. అక్కడి తెల్లతోక జింకల్ని చెట్టు మీద మంచె కట్టుకుని వేటాడటం ఆయనకి చిన్నప్పట్నించీ అలవాటే. కానీ పశ్చిమాన కొండల్లో తిరిగే మ్యూల్ డీర్ వేటకి మాత్రం ఒక్కసారీ వెళ్ళలేదు. ఈ ఏడాది కొడుకు తీసుకెళ్తున్నాడు. అంచేత ఆర్నెల్లుగా లంచ్ టైములో నాకు ఇదే పురాణం.

కోడిని కోస్తుంటేనే చూడలేనివాణ్ణి నేను. వేటంటే తుపాకీ పట్టుకుని అడవిలో పడటమే అనుకునేవాణ్ణి. తీరా వింటే సగం కాగితాల పనే! వసంతంలో దరఖాస్తు, ఆ తర్వాత డ్రా, అందులో రానివాళ్ళకి ఒక పాయింటు. పాయింట్లు ఎక్కువున్నవాళ్ళు మరుసటేడు క్యూలో ముందుంటారు. అచ్చం మన గ్రీన్‌కార్డు లాగే. జింక్కి ఇంత క్యూ ఎందుకురా బాబూ అని తవ్వటం మొదలుపెట్టా.

అక్కడి మూలవాసులకి వేల ఏళ్ళుగా తెలిసిన ఈ జింకని లూయిస్-క్లార్క్ బృందం 1804 సెప్టెంబరులో, ఇప్పటి సౌత్ డకోటాలో చూసి రాసుకుంది. చెవులు కంచరగాడిద చెవుల్లా ఉంటాయి కాబట్టి ఆ పేరు. తర్వాత గనులొచ్చాయి, రైళ్ళొచ్చాయి, వాటి వెంట మాంసం, తోళ్ళు అమ్ముకునే వేటగాళ్ళొచ్చారు. ఆ శతాబ్దం ముగిసేసరికి చాలాచోట్ల జింకలు అరుదైపోయాయి. గమ్మత్తేమిటంటే, ఆపమని గోల పెట్టినవాళ్ళలో ముందున్నదీ వేటగాళ్ళే. 1887లో థియోడోర్ రూజ్‌వెల్ట్ స్నేహితులతో కలిసి పెట్టిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ అలాంటిదే. 1900లో లేసీ చట్టం వచ్చింది. చట్టవిరుద్ధంగా చంపిన జంతువుని రాష్ట్రం దాటించి అమ్మటం నేరమైంది.

సరే, వేట ఆపేస్తే సరిపోతుందిగా? అదీ చేసి చూశారు. రూజ్‌వెల్ట్ ప్రెసిడెంటయ్యాక 1906లో గ్రాండ్ కేన్యన్ ఉత్తరపు గట్టున, కైబాబ్ పీఠభూమిలో జింకల వేట నిషేధించారు. అక్కడితో ఆగకుండా జింకల్ని తినే కొండసింహాల్ని, కొయోటీల్ని ప్రభుత్వ వేటగాళ్ళ చేత చంపించారు. జింకలు పెరిగిపోయాయి, మేత అయిపోయింది, 1924-25 చలికాలంలో వేలకొద్దీ చచ్చాయి. ఎన్ని ఉండేవి, పశువుల మేత పాలెంత అన్నదాని మీద పండితులు తర్వాత కూడా కొట్టుకున్నారు. 1924 డిసెంబరులో కొందరు గంటలు వాయిస్తూ ఆ జింకల్ని లోయ దాటించి అవతలి గట్టుకి తోలబోయారు. మంచు పడుతోంది, జింకలు వీళ్ళ పక్కల్నించే వెనక్కి పారిపోయాయి. ఒక్కటీ దాటలేదు!

చివరికి ఫెడరల్ ప్రభుత్వమే కొన్నిటిని కాల్పించబోతే అరిజోనా రాష్ట్రం అడ్డుపడింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1928లో ఫెడరల్ ప్రభుత్వమే గెలిచింది. అరిజోనా గవర్నరు ఇంటిపేరు హంట్. అంటే వేట! నేను కల్పించింది కాదు.

అటు అందర్నీ కాల్చనిచ్చినా నష్టమే, ఇటు ఎవర్నీ కాల్చనివ్వకపోయినా నష్టమే. అందుకే లెక్క మొదలైంది. 1937 పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం వేట తుపాకుల మీద, తూటాల మీద వేసే పన్నుని వన్యప్రాణుల కోసం రాష్ట్రాలకి మళ్ళించింది. కొలరాడోలో 1999 నించి జింక లైసెన్సులన్నీ పరిమితమే. ఏ ప్రాంతంలో ఎన్నో ముందే లెక్కగట్టి ఇస్తారు. అదీ క్యూ కథ.

ఇక మావాడి సంగతి. అతని దగ్గర అయిదు పాయింట్లున్నాయి. ఇంకొన్నేళ్ళు ఆగితే పెద్ద కొమ్ముల జింకలకి పేరున్న ప్రాంతం దొరుకుతుందని లెక్కలేసుకుని స్ప్రెడ్‌షీటు కూడా కట్టాడు. క్రిందటి శీతాకాలం వాళ్ళ నాన్న మోకాలికి ఆపరేషను అయింది. అంతే, ఈసారి పాయింట్లన్నీ ఒక మామూలు ప్రాంతానికి పెట్టేశాడు. "పాయింట్లు ఏడాదికొకటి పెరుగుతాయి, మోకాళ్ళు పెరగవు" అన్నాడు.

1949 కంటే ముందు పుట్టినవాళ్ళకి కొలరాడోలో వేట శిక్షణ సర్టిఫికెట్టు అక్కర్లేదు కాబట్టి పెద్దాయనకి ఆ పరీక్ష తప్పింది. ఎనిమిదివేల అడుగుల ఎత్తులో గాలి పెట్టే పరీక్ష మాత్రం తప్పదు. అందుకని నాలుగు రోజుల ముందే వస్తారట. ఒంటి మీద కనీసం 500 చదరపు అంగుళాల నారింజ లేదా గులాబీ రంగు ఉండాలి, తలకీ అదే రంగు టోపీ. రోడ్డుకి దగ్గర్లో ఒక గట్టు మీద కుర్చీ వేసి, బైనాక్యులర్ ఇచ్చి నాన్నని కూర్చోబెడతాడట. జింక పడితే మోసుకొచ్చేది కొడుకే. పడకపోతే? "పడకపోయినా వెళ్ళినట్టేగా" అన్నాడు.

మన దేశం వేరే దారి పట్టింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1991 సవరణ కలిసి వేటని దాదాపు పూర్తిగా మూసేశాయి. అంచేత మా నాన్నతో నాకు వేట ప్రసక్తే లేదు. కానీ అహోబిలంలో ఉగ్రస్తంభం ఎక్కుదాం రారా అని ఆయన నాలుగేళ్ళుగా అడుగుతున్నారు. వీసా స్టాంపింగనీ, రిలీజనీ నేను వాయిదా వేస్తూనే ఉన్నా. మొన్న ఫోన్లో ఆయనే, "కొండ దాకా వద్దులే, కిందనే దర్శనం చేసుకుందాం" అన్నారు.

డిసెంబరుకి టికెట్టు కొన్నా. రిలీజు సంగతి మేనేజరు చూసుకుంటాడు.