కోలుకొన్న యంత్రము, కోల్పోయిన వ్రాతలు

చెడిన కంప్యూటరును నిన్నటి స్థితికి మరలింపగల సదుపాయమును మైక్రోసాఫ్టు సంస్థ 2000వ సంవత్సరమున విండోస్ మిలీనియం ఎడిషనుతో ప్రవేశపెట్టినది. దాని పేరు సిస్టమ్ రిస్టోర్. పేరు విన్నవారు పోయినదంతయు తిరిగి వచ్చుననుకొందురు. అది మరలించునది యంత్రమును నడపు ఫైళ్లను, రిజిస్ట్రీని, అమరికలను మాత్రమే. మన ఉత్తరముల జోలికి, ఛాయాచిత్రముల జోలికి అది పోదు. ఇందులో వివేకము లేకపోలేదు: యంత్రము నిన్నటికి మరలినపుడు నేడు వ్రాసిన ఉత్తరము చెరిగిపోరాదు గదా!

అయితే ఆ ఉత్తరమునకు పూచీ ఎవరిది? ఈ ప్రశ్న 2018లో తీవ్రముగా ఎదురైనది. అక్టోబరు 2న విండోస్ 10కు నూతనమైన కూర్పు వెలువడినది. డాక్యుమెంట్స్ వంటి ఫోల్డరులను వేరొక డ్రైవునకు మార్చుకొని, పాతచోట కొన్ని ఫైళ్లను విడిచియుంచినవారు కొందరుండిరి. పాత ఫోల్డరు ఖాళీగా నున్నదన్న లెక్కతో ఆ కూర్పు దానిని, లోని ఫైళ్లతో సహా, తుడిచివేసినది. కొద్ది దినములలోనే సంస్థ పంపిణీని నిలిపివేసినది. వెనుకటి కూర్పునకు మరలినంతమాత్రమున ఆ ఫైళ్లు రాలేదు. వేరొక డిస్కులో విడిగా ప్రతిని దాచుకొన్నవారు దానినుండి తీసికొనగలిగిరి. సరిదిద్దిన కూర్పు నవంబరు 13న వచ్చినది. పోయిన ఫైళ్లను తెచ్చుట దాని పని కాదు.