నీళ్ల తొట్టి కథ



కుష్ఠు అను మాట వినగానే, యొర్దానులో ఏడు మారులు మునిగిన నయమాను మన సంఘములలో చాలమందికి జ్ఞాపకమునకు వచ్చును. ఆయనను గూర్చి మీరు ఎన్నో ప్రసంగములు వినియుందురు. నేను ఈ నెల చెప్పదలచినది మరియొక నీళ్ల కథ. అది కుష్ఠు ఆసుపత్రులలోని నీళ్ల తొట్టి కథ. అది చూచుటకు అల్పమైన వస్తువే గాని, ఒకని పాదము నిలుచుటయు పోవుటయు అనేక మారులు దానిమీదనే ఆధారపడియుండెను.

మొదట నీళ్ల భయమును గూర్చి చెప్పవలెను. 1898లో బ్రిటిషు ప్రభుత్వమువారు కుష్ఠురోగుల చట్టము ఒకటి చేసిరి. మునిసిపాలిటీ నిషేధించిన బావిలోగాని చెరువులోగాని కుష్ఠురోగి స్నానము చేయరాదు, బట్టలు ఉతుకరాదు, నీళ్లు తోడుకొనరాదు అను నియమము దానిలో నుండెను. మన వైరా, ఖమ్మము ప్రాంతము ఆ కాలమున నిజాము ఏలుబడిలోనిది. ఆ చట్టము బ్రిటిషు ఇండియాకు చేసినది. అయినను చట్టము లేనిచోట ఊరి భయమే చట్టమాయెను. ఆ చట్టమును పూర్తిగా కొట్టివేసినది ఎప్పుడనుకొందురు? 2016లో!

ఆ భయమునకు ఆధారమున్నదా? 1873లో నార్వే దేశపు వైద్యుడు హాన్సెను ఈ రోగపు క్రిమిని కనుగొనెను. చికిత్స పొందని రోగితో బహుకాలము దగ్గరగా మెలగినవారికి, ముఖ్యముగా ముక్కునుండి వచ్చు తుంపరల వలన, అది అంటునని నేటి వైద్యుల మాట. చాలమందికి అంటనే అంటదు. బావినీళ్ల వలన వ్యాపించు రోగము కాదది. మరి నీళ్లవద్ద భయపడవలసినది ఏదియు లేదా? ఉన్నది. దానిని ముందు చెప్పెదను.

తెలుగు దేశములో ఇట్టి రోగులకు ఏర్పడిన పేరుగల స్థలములలో నిజామాబాదు దగ్గరి డిచ్‌పల్లి ఒకటి. స్కాట్లాండు దేశమునుండి 1907లో భర్తతో కూడ వచ్చిన డాక్టరు ఇసబెల్ కెర్ దొరసానిగారు 1911లో నిజామాబాదులో కుష్ఠురోగులకు పని ఆరంభించిరి. వచ్చువారు ఎక్కువైరి, చోటు చాలలేదు. అప్పుడు రాజా నర్సాగౌడుగారను హిందూ దాత ధనసహాయము చేయగా డిచ్‌పల్లిలో ఆసుపత్రి లేచెను. మిషను ఆసుపత్రుల చరిత్ర చెప్పునప్పుడు మనవారు ఇట్టి దాతల పేర్లను విడిచిపెట్టుట నాకు నచ్చదు.

ఆ దినములలో మందనగా చాల్‌మూగ్రా జాతి గింజల నూనె. సూదిమందుగా ఇచ్చిరి. కొందరికి మేలు కలిగెను, అనేకులకు కలుగలేదు. కావున అప్పటి కుష్ఠు ఆశ్రమములు నేటి ఆసుపత్రులవలె పది దినములుండి పోవు చోట్లు కావు. చేరినవారిలో అనేకులు అక్కడనే ముసలివారైరి. అట్టి యింట ప్రతి ఉదయమును జరుగు పని ఏమనగా పుండ్లు కడుగుట, కట్లు మార్చుట, స్నానము చేయించుట. 1940ల చివర డాప్సోను వచ్చి రోగమును అణచనారంభించెను. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థవారు రెండు మూడు మందులు కలిపి ఇచ్చు చికిత్సను సిఫారసు చేసిరి. నేడు ఆరు నెలలలో గాని పన్నెండు నెలలలో గాని అది ముగియును.

అయితే మందు క్రిమిని చంపును గాని, చచ్చిన నరములను లేపదు. ఇక్కడనే తొట్టి మన కథలోనికి వచ్చుచున్నది.

1946లో వేలూరునకు వచ్చిన డాక్టరు పాల్ బ్రాండుగారు ఒక సంగతి పట్టుకొనిరి. కుష్ఠురోగి వ్రేళ్లు వాటంతట అవి కుళ్లి రాలిపోవునని లోకము నమ్మియుండెను. అది కాదు, స్పర్శ లేనందున ముల్లు దిగినను, నిప్పు తగిలినను వానికి తెలియదు, ఆ గాయము చీము పట్టి ఎముకను తినును, అని ఆయన చూపించిరి. నరము చచ్చినచోట చెమటయు పట్టదు. చెమట లేని అరికాలు, ఎండాకాలపు చెరువు అడుగు మట్టివలె ఎండి పగులును. ఆ పగుళ్లలోనుండి క్రిములు దూరును. కావున దినమునకు ఒకమారు పాదములను చల్లని నీళ్లలో ఇరువది నిమిషములు నానబెట్టుట, గట్టిపడిన చర్మమును మెల్లగా రుద్ది తీయుట, తడి ఆరకముందే నూనె రాయుట అను క్రమము ఏర్పడెను. ఖర్చు లేని వైద్యము. వేడినీళ్లు మాత్రము కూడవు. స్పర్శ లేని కాలికి బొబ్బలెక్కువరకు తెలియదు.

ఇప్పుడు భయపడవలసిన సంగతి. ఒకే తొట్టిలో పదిమంది కాళ్లు నానబెట్టినయెడల కుష్ఠు వ్యాపించదు గాని చీము పుట్టించు క్రిములు ఒకని పుండునుండి మరియొకని పగులులోనికి పోవును. పాదమును కాపాడుటకు తెచ్చిన తొట్టియే పాదమును పోగొట్టవచ్చును. ఈ అపాయము కుష్ఠు ఆసుపత్రులకే గాదు. ముసలివారిని ఉంచుకొను శరణాలయములలోను, పాశ్చాత్య దేశముల పెద్ద ఆసుపత్రులలోను రోగులకు ఒళ్లు తుడుచు బేసినులను పరీక్షించగా వాటిలో మందులకు లొంగని క్రిములు కనబడెను. నీళ్లు చిమ్ము యంత్రపు తొట్లయితే మరియు కష్టము. పైన తెల్లగా మెరయుచుండును, లోపలి గొట్టములలో జిగురు పట్టి క్రిములు కాపురముండును.

మోషే ధర్మశాస్త్రములో ఇందుకు సంబంధించిన మాట యున్నది. లేవీయకాండము పదునైదవ అధ్యాయమున, స్రావముగలవాడు ముట్టిన మంటిపాత్రను పగులగొట్టవలెననియు, కొయ్యపాత్రను నీళ్లతో కడుగవలెననియు చదువుదుము. ఆ విధి శుద్ధిని గూర్చినది, క్రిములను గూర్చినది కాదు. దానిలో వైద్యశాస్త్రము వెదకుట నాకు ఇష్టము లేదు. అయితే మన్ను పీల్చుకొనును అన్న సంగతి మన ఇండ్ల స్త్రీలకు తెలిసినదే. గీతలుపడి బీటలు వారిన ప్లాస్టికు తొట్టియు అట్టిదే. ఎంత తోమినను బీటలో మురికి నిలుచును.

మన గ్రామపు బావులలో వేయు బ్లీచింగు పౌడరు మీకు తెలియును గదా. 1847లో వియన్నా నగరములో సెమ్మెల్‌వైసు అను వైద్యుడు ఇట్టి సున్నపు క్లోరిను నీళ్లతోనే వైద్యుల చేతులు కడిగించెను. అంతకుముందు ఆ ప్రసూతి వార్డులో నూటికి పదిమందికి పైగా తల్లులు చనిపోయిన యేండ్లుండెను; అది నూటికి ఇద్దరి దాపునకు దిగెను. తోటి వైద్యులలో అనేకులు మాత్రము ఆయన మాట నమ్మలేదు.

భద్రాచలమువైపు అడవి పల్లెలలోను, వైరా చుట్టునున్న మన సంఘములలోను, మంచముపట్టిన తలిదండ్రులను ఇంటనే చూచుకొనువారు మీలో అనేకులుందురు. వారికి వేరుగా ఒక తొట్టి, ఒక మగ్గు, ఒక తువాలు ఉంచుడి. ముఖము మొదట, పుండ్లును మలమూత్రములు తగులు చోటును చివర కడుగుడి. ఆ నీళ్లు మరల ముఖమునకు తేకుడి. పనికి ముందును తరువాతను సబ్బుతో చేతులు కడుగుకొనుడి. షుగరు వ్యాధివలన పాదమున పుండుపడినవారు కాళ్లు నానబెట్టరాదు. కడిగి, వ్రేళ్ల సందులు పొడిగా తుడుచుకొని, వైద్యునికి చూపవలెను. తొట్టిని మొదట సబ్బుతో తోమి, తరువాత ఆరోగ్య కేంద్రమువారు చెప్పిన పాళ్లలో బ్లీచింగు నీళ్లు పోసి, కొంతసేపు ఉంచి కడుగుడి. మురికిమీద పోసిన బ్లీచింగు సరిగా పనిచేయదు. యాసిడుతో మాత్రము దానిని కలుపకుడి, విషవాయువు పుట్టును. కడిగిన తొట్టిని గోడకు ఆనించి, ఎండలో బోర్లించుడి. తడి తొట్లను ఒకదానిలో నొకటి దొంతిగా పెట్టినయెడల ఆ తడిలోనే క్రిములు మరల పెరుగును.