వస పోసినా రాని మాట

మూడేళ్లొచ్చినా పిల్లవాడు నోరు విప్పకపోతే కృష్ణా జిల్లా బాపులపాడు చుట్టుపక్కల పెద్దవాళ్లకు ముందు గుర్తొచ్చేది వస కొమ్ము. సాన మీద నాలుగు చుట్లు అరగదీసి, తేనె కలిపి నాలుకకు రాయడం పాత అలవాటు. వాగుడుకాయ కనిపిస్తే ‘చిన్నప్పుడు వస ఎక్కువ పోశారా’ అని ఆటపట్టించడమూ అందుకే. వసలో ఉండే ఆసరోన్ మంచిది కాదని అమెరికా 1968లోనే వసను ఆహారంలో నిషేధించింది. ఆ కబురు మన సానరాళ్ల దాకా వచ్చినట్టు లేదు. వసతో పని జరక్కపోతే తాయెత్తు, అదీ అయ్యాక నాయనమ్మ ఓదార్పు: ‘మగపిల్లలకు మాటలు ఆలస్యమేలే.’

పిలిస్తే తిరిగి చూడని, కళ్లల్లోకి చూడని, విన్న మాటనే తిప్పి తిప్పి అనే పిల్లలు అన్ని కాలాల్లోనూ ఉండే ఉంటారు. లేనిది పేరు. 1943లో అమెరికాలో లియో కానర్ అనే వైద్యుడు అలాంటి 11 మంది పిల్లల గురించి రాశాక ‘ఆటిజం’ వైద్యుల నోట పడింది. పేరుతోపాటే నిందా వచ్చింది. తల్లి ప్రేమ చాలకే బిడ్డ ఇలా అయ్యాడని బ్రూనో బెట్టెల్‌హైమ్ 1967లో ఏకంగా పుస్తకమే రాశాడు. ఇది మెదడుకు సంబంధించిన సంగతని, ఆటిజం ఉన్న కొడుకును పెంచుతున్న బెర్నార్డ్ రిమ్లాండ్ అంతకు మూడేళ్ల ముందే చెప్పాడు. అయినా తల్లిని తప్పుపట్టడానికి మనకు బెట్టెల్‌హైమ్ అక్కర్లేదు. కడుపుతో ఉండి గ్రహణం చూసిందన్నారు ఒకప్పుడు, బిడ్డను ఫోనుకు వదిలేసిందంటున్నారు ఇప్పుడు.

బాపులపాడు మండలానికి కేంద్రం హనుమాన్ జంక్షన్. అక్కడి రైల్వేస్టేషన్ బోర్డు మీద మాత్రం ‘నూజివీడు’ అని ఉంటుంది. ఆ పేరు నమ్మి రైలు దిగినవాళ్లు నూజివీడు ఊరికి మళ్లీ బస్సెక్కాలి. ఆటిజం పిల్లలకూ చాలాకాలం ఇదే పరిస్థితి, పేరొకచోట, ఊరొకచోట. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలున్నాయి, ఆటిజం లేదు. సర్టిఫికెట్ కావాలంటే ‘బుద్ధిమాంద్యం’ కింద రాయించుకోవడమే దారి. 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టంతో ఆటిజం పేరు మొదటిసారి చట్టంలోకెక్కింది. దాని హిందీ ప్రతిలో ‘స్వపరాయణత’ అని ఉంది. తెలుగు ఇళ్లలో ఆ మాట ఎవరూ ఎత్తరు, ఆటిజం ఆటిజంగానే స్థిరపడింది.

ఆదుకునే చోట్లూ దూరమే. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల కోసం కేంద్ర ప్రభుత్వం 1984లో సికింద్రాబాద్‌లో జాతీయ సంస్థ పెట్టింది. దూరప్రాంతాల నుంచి వచ్చే కుటుంబాలు బిడ్డతో కలిసి కొన్నాళ్లుండి శిక్షణ తీసుకునేందుకు అక్కడ కాటేజీలు కట్టారు. ఆ సంస్థే 2009లో మన దేశపు పిల్లలకు తగిన కొలబద్ద తయారు చేసింది. అందులో 40 అంశాలు, ఒక్కోదానికి ఒకటి నుంచి అయిదు మార్కులు, మొత్తం 70 వస్తే ఆటిజం ఉన్నట్టు. 2016 ఏప్రిల్లో కేంద్రం సర్టిఫికెట్లకు దాన్నే ప్రామాణికం చేసింది. అదే ఏడాది డిసెంబరులో వచ్చిన కొత్త చట్టం 21 వైకల్యాల్లో ఆటిజాన్నీ చేర్చింది. కొలత ఖాయమైంది, మంచిదే. కానీ 110 మార్కులొచ్చిన పిల్లవాడికి రేపు పొద్దున పళ్లు ఎలా తోమించాలో ఆ కాగితం చెప్పదు.

అది ఇంట్లోనే తేలాలి. నూజివీడు సీమలో మే నెలంటే రసాల కాలం. కాయను మెత్తగా పిసికి, తొడిమ దగ్గర చిన్న చిల్లు పెట్టి, మోచేతుల దాకా కారుతుంటే జుర్రుకోవడం అందరికీ పండగ. పీచు నాలుకకు తగిలితే కక్కుకునే పిల్లవాడికి అదో గండం. అలాంటి బిడ్డకు బంగినపల్లి ముక్కలే కావాలి, చెక్కు తీసి, రోజూ అదే పళ్లెంలో. పెంకితనమని నాలుగు తగిలిస్తే పండుతోపాటు పళ్లెం కూడా భయపెడుతుంది. పైగా సెలవులు! బడి గంట లేని రోజు ఎటు పోతుందో అంతుపట్టక పిల్లవాడు చెవులు మూసుకుని గోడవారన కూర్చుంటాడు. పాత క్యాలెండరు వెనక వైపు స్నానం, ఇడ్లీ, తోట, నిద్ర బొమ్మలు వరసగా అంటించి చూపిస్తే కాస్త కుదుటపడతాడు. బొమ్మలతో దినచర్య నేర్పే ఈ పద్ధతికి 1972లో అమెరికాలోని నార్త్ కరోలినాలో ఊతం దొరికింది. అక్కడ ఎరిక్ షాప్లర్ తల్లిదండ్రులను చికిత్సలో భాగస్వాములను చేశాడు.

ఉమ్మడి రాష్ట్రంలో సర్వశిక్షా అభియాన్ కింద ప్రత్యేక అవసరాల పిల్లల కోసం వచ్చిన భవిత కేంద్రాలతో సాయం మండలాల దాకా దిగింది. అక్కడి ప్రత్యేక టీచర్లు, బడికి రాలేని పిల్లల ఇళ్లకూ వెళ్తారు. ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల పింఛను 2024లో 3,000 నుంచి 6,000 రూపాయలైంది.

పద్దెనిమిది నిండితే లెక్క మళ్లీ మారుతుంది. ఉచిత చదువు హక్కు అంతటితో సరి. తన వ్యవహారాలు చూసుకోలేని బిడ్డకు కన్నవాళ్లే అయినా చట్టప్రకారం సంరక్షకులుగా నియామకం పొందాలి. నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ఆ పని కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీది. 2022లో జిల్లాలు చీలినప్పుడు నూజివీడు ఏలూరు వైపు వెళ్లింది, బాపులపాడు కృష్ణాలోనే ఉండిపోయింది. కాబట్టి ఆ అర్జీ పట్టుకుని తల్లిదండ్రులు జంక్షన్‌లో బస్సెక్కి, గుడివాడ మీదుగా మచిలీపట్నం వెళ్లాలి. కిటికీ పక్క సీటు బిడ్డకు దొరికేలా, కాస్త ఖాళీగా ఉండే బస్సు చూసుకుని.