ఓడినవాడికి మాన్యం

2001 ఏప్రిల్‌లో లాస్ వేగాస్‌లో ప్రిన్స్ నసీమ్ హమీద్ తొలిసారి ఓడాడు. అంతకుముందు 35 పోరాటాల్లో ఓటమి ఎరగని ఆ బ్రిటిష్ బాక్సర్ మెక్సికోకు చెందిన మార్కో ఆంటోనియో బరేరా చేతిలో పాయింట్ల మీద ఓడి, మరుసటి ఏడు ఒకే ఒక్కసారి బరిలోకి దిగి, గెలిచి, 28 ఏళ్లకే ఆట మానేశాడు. ఇలాంటి ఉదాహరణలు చూసిన బాక్సర్లు గట్టి ప్రత్యర్థి పేరు వినగానే ఆలోచనలో పడతారు, ఏళ్ల తరబడి తప్పించుకుంటారు. అభిమానులు దాన్ని పిరికితనం అంటారు. అది పిరికితనం కాదనీ, ఓటమి భారం ఎవరి మీద పడుతుందో తెలిసినవాడు వేసుకునే లెక్క అనీ నా అభిప్రాయం. ఈ లెక్కను పరీక్షించడానికి హిందూపురం, పెనుకొండ, ధర్మవరం సీమ చరిత్ర కంటే మంచి చోటు నాకు కనిపించదు. ఇక్కడ పోరాటం వెయ్యేళ్లకు పైగా బతుకుతెరువు.

పెనుకొండను రెండో రాజధానిగా ఉంచుకున్న విజయనగర రాజ్యంలో పోరు ఎలా ఉండేదో ఇద్దరు పోర్చుగీసులు రాసిపెట్టారు. 1520 ప్రాంతంలో వచ్చిన డొమింగో పేస్ మహర్నవమి ఉత్సవాల్లో మల్లుల పోరు చూశాడు. పళ్లు రాలేలా, కళ్లు పోయేలా దెబ్బలు పడేవట. మాట పడిపోయినవాళ్లను స్నేహితులు మోసుకుపోయేవారట. మన కుస్తీ కంటే ఇది బాక్సింగ్‌కే దగ్గర. అయితే నాకు ముఖ్యమనిపించేది ఆ రక్తపాతం పక్కనే ఆయన నమోదు చేసిన మరో సంగతి. ఆ మల్లులకు నాయకులూ న్యాయనిర్ణేతలూ ఉండేవారు. ఇద్దరినీ సమానమైన స్థితిలో నిలబెట్టడం, గెలిచినవాడి గౌరవం తేల్చడం వాళ్ల పని. మరో పదిహేనేళ్లకు రాసిన ఫెర్నావో నూనిజ్ ద్వంద్వయుద్ధాల గురించి చెబుతాడు. మంత్రి అనుమతి లేనిదే ఎవరూ కత్తి దూయకూడదు, అడిగితే అనుమతి దొరుకుతుంది, చచ్చినవాడి ఆస్తి బతికినవాడిది. ఒకే రాజ్యంలో రెండు ఏర్పాట్లు. మొదటిదాంట్లో ఓడినవాడిని మోసుకుపోయే మనుషులున్నారు, రెండోదాంట్లో ఓటమి అతని ఇంటివాళ్ల నోటి దగ్గర కూడు లాగేస్తుంది. ఈ రెండోదాని ముందు నిలబడి వెనకా ముందూ చూసుకున్నవాడిని పిరికివాడనే హక్కు మనకు లేదు.

ఈ సీమలో ఇంకా పాతకాలపు ఏర్పాటు ఒకటుంది. మడకశిర దగ్గరి హేమావతి ఒకప్పుడు హెంజేరు పేరుతో నోళంబుల రాజధాని. తొమ్మిదో శతాబ్దం చివర నోళంబ రాజు అయ్యపదేవుడికి సాయంగా గంగరాజు ఎరెయప్ప తన సేనాని నాగత్తరుణ్ణి పంపాడు. తుంబెపాడి దగ్గర వీరమహేంద్రుడితో యుద్ధం జరిగింది, నాగత్తరుడు అక్కడే కూలాడు. బెంగళూరు దగ్గరి బేగూరులో దొరికిన శిలాశాసనం ఆ మరణాన్ని శిల్పంతో సహా చెప్పి, కబురు విన్న రాజు నాగత్తరుడి బిరుదునూ బెంపూరు పన్నెండు గ్రామాలనూ ఇరుగుడు అనే అతనికి ఇచ్చాడని నమోదు చేసింది. పోరులో చచ్చినవాడి తరఫువాళ్లకు భూమి ఇవ్వడం ఈ ప్రాంతమంతటా పాలకులు పాటించిన ఆచారం. ఇలా పోరులో పడినవాళ్ల కోసం నిలిపిన రాళ్లను, అంటే వీరగల్లులను, మనం సాహసానికి స్మారకాలుగా మాత్రమే చూస్తాం. నా కంటికి అవి ఒప్పందపత్రాలు కూడా. నువ్వు పడిపోతే నీ వెనకవాళ్లు పడిపోరు అన్న హామీ ఊరి మధ్య రాతి మీద నిలబడి ఉంటే, బలమైన శత్రువుకు ఎదురెళ్లే మనిషి లెక్క మారిపోతుంది.

హామీ ఉంటే పోరాటంలో పదును పోతుందని ఒక అభ్యంతరం ఉంది. జెట్టీలనే మైసూరు మల్లులు దానికి జవాబు. విజయనగర రాజుల ప్రతినిధి చేతిలో నుంచి 1610లో శ్రీరంగపట్టణాన్ని తీసుకున్న రాజ ఒడెయరు, విజయనగరపు దసరాను అక్కడ మొదలుపెట్టాడు. ఆ దసరాలో జెట్టీలు నున్నగా గొరిగిన తలలతో, కొమ్ముతో చేసిన ముళ్ల పిడి చేతికి తొడుక్కుని వజ్రముష్టి ఆడేవారు. తల మీద తొలి నెత్తుటి చుక్క కనబడగానే పోరు ఆపేసేవారు. ఆస్థానం పోషణ ఉన్న ఈ జెట్టీలను మెత్తబడినవాళ్లని ఎవరూ అనలేరు. పైగా ఓడినవాడు మళ్లీ దసరాకు రాగలిగాడు కాబట్టే ఆ విద్య తరాల పాటు నిలిచింది.

మరో అభ్యంతరం ఇంకా గట్టిది. 1565లో తళ్లికోట దగ్గర ఒక్క ఓటమితో విజయనగర మహాసామ్రాజ్యం కుప్పకూలలేదా? రాజధాని హంపీ మట్టికొట్టుకుపోయింది, నిజమే. వృద్ధుడైన రామరాయలు స్వయంగా యుద్ధరంగంలోకి వెళ్లి, పట్టుబడి తల పోగొట్టుకోవడంతో సైన్యం చెదిరిపోయింది. కానీ రాజ్యం అక్కడితో ముగియలేదు. ఆయన తమ్ముడు తిరుమలరాయలు పెనుకొండ చేరాడు, ఆ కొండకోట అండతో ఆరవీటి వంశం నిలదొక్కుకుంది. 1580ల చివర గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ ముట్టడిస్తే జగదేవరాయుడు కోటను కాపాడి, ప్రతిఫలంగా చన్నపట్న సీమ పొందాడు. రాజ్యమూ బాక్సరూ ఒకటి కాదన్న మాట ఒప్పుకుంటాను. అయినా తళ్లికోట తర్వాత ఎనభై ఏళ్లకు పైగా ఆ వంశం సాగిందంటే, ఓడి వచ్చినవాళ్లకు తలదాచుకునే చోటు ముందే సిద్ధంగా ఉండటం పెద్ద కారణం.

మన కాలంలో నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్‌ది ఈ కోవకు చెందిన కథే. 2019 డిసెంబరు ట్రయల్స్‌లో మేరీ కోమ్ చేతిలో 9–1 తేడాతో చిత్తుగా ఓడిన ఆమె, 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ విజేత అయింది. జాతీయ శిబిరం, బ్యాంకు ఉద్యోగం ఆమె వెనక ఉన్నాయి. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో చైనా బాక్సర్ వూ యూ చేతిలో పతకానికి ముందే ఓడింది. ఆ సెప్టెంబరులోనే తెలంగాణ ప్రభుత్వం ఆమెకు డీఎస్పీగా నియామక పత్రం ఇచ్చింది. బేగూరు శాసనం పక్కన పెట్టి చూడదగ్గ సంగతి ఇది. అయితే ఈ రక్షణ ప్రపంచ పతకం తెచ్చాక బలపడింది. హిందూపురంలోనో ధర్మవరం మగ్గాల ఇంట్లోనో పుట్టి, జిల్లా స్థాయి పోటీలో మొదటిసారి ఓడిన పిల్లకు అలాంటి ఆసరా ఏదీ ఉండదు. ఆమెకు శిబిరంలో మరో ఏడాది చోటు, తిండి, వైద్యం ఇచ్చే ఏర్పాటు ఉంటే తప్ప, గట్టి ప్రత్యర్థిని ఎంచుకోమని ఆమెకు ఎవరూ సలహా ఇవ్వకూడదు.